పరాసుల మధురములు – మన చెరకుగడ



మధురభక్ష్యముల చరిత్రము చెప్పబూనితినన్న కొందరు నవ్వవచ్చును. చరిత్రమనగా రాజులును, దండయాత్రలును, శాసనములును గదా యని వారి తలంపు. కాని ఒక్క చెరకుగడ వెంట నడచిపోయినచో మగధ దేశమునుండి పారిసు నగరము వరకును, పారిసునుండి మన గౌతమీ తీరమందలి యానాము వరకును దారి యున్నది. ఆ దారిలో తెలుగువారి అడుగుజాడలు గలవు. వానిని జూపుటయే ఈ సాయంకాలము నా యుద్దేశము.

ఉదయగిరి కొండల క్రింది మా మెట్టసీమకును ఫ్రెంచి దేశమునకును పొత్తేమి యందురేమో. మొన్నటి వేసవిలో, పుదుచ్చేరిలో చదువుకొనుచున్న మా మనుమరాలు దుత్తలూరునకు వచ్చి, మా యింట క్రెమ్ కారమెల్ అను ఫ్రెంచి మధురమును వండినది. నేడు ఊరూర పిల్లలు చేతిఫోనులలో జూచి ఇట్టివి చేయుచునే యున్నారు. అరుగుమీద గూర్చున్న పెద్దలు నన్ను రెండు ప్రశ్నలడిగిరి. ఇది యెక్కడి వంట? ఇది మనవంటివారి యిండ్లలో చేయదగినదేనా? రెండవదానికే ముందు సమాధానము చెప్పెదను. వంట తెలిసినగాని దాని పుట్టుక తెలియదు.

విధానము మిక్కిలి సులభము. పొడి గిన్నెలో కొంత చక్కెర వేసి, నీరు చేర్చక, సన్నని సెగపై కరగనిత్తురు. అది మొదట తేనెవన్నె దాల్చి, పిదప రాగివన్నెకు దిరుగును. ఆ క్షణమున దింపవలెను. ఇంకొక నిమిషము తాళిన చేదెక్కును. ఈ పాకమును అచ్చుగిన్నె యడుగున పోయుదురు. అర లీటరు పాలు వేడిచేసి, నాలుగు గుడ్లను నూరు గ్రాముల చక్కెరతో గిలకొట్టి, ఆ వేడిపాలను కొంచెము కొంచెముగా అందులో గలుపుదురు. పాలన్నియు నొక్కసారి పోసినచో గుడ్డు ఉడికి ముక్కలగును. దీనిని వడగట్టి, పాకము పోసిన గిన్నెలో నింపి, మూతపెట్టి ఆవిరిపై నుంచవలెను. ఫ్రెంచివారు పొయ్యిగూటిలో నీళ్లపళ్లెమునందుంతురు. మా మనుమరాలు ఇడ్లీకుండలో నుంచినది. నీరు తెర్లి కాగరాదు, మెల్లగా వేగవలెను. నీరు తెర్లినయెడల లోపల తేనెపట్టువలె బొక్కలు పడును. అరగంట దాటిన పిదప దింపి, రాత్రియెల్ల చల్లారనిచ్చి, మరునాడు పళ్లెములో బోర్లించిన, అడుగుననున్న పాకము నీరై పైనుండి జారును.

అదంతయు జూచి నేను విస్మయపడుచుండగా, “తాతా, ఇది గుడ్డుతో చేసిన జున్నే” అని ఆ పిల్ల యనినది. ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము నేనును చేయజాలను. ఆవు గాని బర్రె గాని ఈనిన దినమున పిదికిన పాలలో, కాచిన గట్టిపడు సారము విస్తారముగా నుండును. అందుచే మనము బెల్లమును, మిరియమును, ఏలకియు జేర్చి ఆవిరిపై నుంచగానే జున్ను పేరుకొనును. మొదటి దినపు పాలు మరీ చిక్కనివగుటచే మామూలు పాలు కలుపుట మన యాడవారికి దెలిసినదే. మూడవనాటికి ఆ గుణము సన్నగిలును. జున్నుపాలు ఏటికొకమారు, అదియు పాడి యున్నయింట, దొరకును. గుడ్డు ప్రతిదినము దొరకును. జున్నుపాలు చేయు పనిని ఫ్రెంచివారు గుడ్డుచేత జేయించిరి. భేదమింతియే.

ఇదే పాలు, గుడ్డుసొన, చక్కెరలతో ఆవిరిపై గాక సెగపై కలియబెట్టుచు జేయు జారుడు పాకమొకటి గలదు. అది పక్వమైనదని తెలియుట కెట్లనగా, కొయ్యగరిటెను ముంచి తీసి, దాని వీపున వ్రేలితో నొక గీత గీయుదురు. గీత చెదరక నిలిచిన పాకము వచ్చినట్లు. కలిసిపోయిన ఇంకను కావలెను. ఇనుపగరిటెతో ఈ పరీక్ష యంత చక్కగా సాగదు. మన ఉదయగిరి పనివారు నర్ది, బిక్కి మొదలగు కొయ్యలతో చెక్కు చెంచాలును గరిటెలును ఈ పనికి ఎంత తగినవో చెప్పజాలను. మన గరిటెను మనమే మరచి, లోహపు గరిటెలను కొనుచుండుట నాకు సరిపడదు.

ఇక గుడ్డు ముట్టనివారి మాట. వారిని నిర్బంధించు తలంపు నాకు లేదు. మా యింటనే నా భాగమును ముట్టక యూరకుంటిని. అయితే ఫ్రెంచివారి పంక్తిలో మనకు తావు లేదనుకొనరాదు. వారు రీ ఓ లే అని యొకటి చేయుదురు. పేరు వినసొంపుగా నున్నది గాని అది మన పరమాన్నమే. బియ్యమును పాలలో మెత్తగా నుడికించి, చక్కెర చేర్చుట. ఏలకికి బదులు వెనిల్లా కాయను చీల్చి వేయుదురు. గుడ్డు అవసరము లేదు. అట్లే మిల్‌ఫయ్ అని వేయిరేకులను పేరుగల భక్ష్యమొకటి గలదు. పేరు వినగానే మన ఆత్రేయపురపు పూతరేకు జ్ఞప్తికి వచ్చును. కాని అవి యక్కచెల్లెండ్రు గావు. మనది పలుచని బియ్యపు జావను బోర్లించిన కుండ వీపున పూసి ఒలిచినది. వారిది గోధుమపిండి నడుమ వెన్నను మడతలు మడతలుగా నొత్తి కాల్చినది.

ఇక మొదటి ప్రశ్న. ఈ మధురములలో పాలు, వెన్న, గుడ్లు, గోధుమ ఫ్రెంచివారి పొలముల పంటలే. కాని రెండు వస్తువులు వారివి గావు. చక్కెర యొకటి, వెనిల్లా యొకటి. చరిత్రమంతయు ఈ రెండింటిలోనే యున్నది.

చెరకురసమును కాచి రవ్వగట్టించు విద్య భరతఖండముననే పుట్టినది. 647 వ సంవత్సరమున చీనా చక్రవర్తి తాయిత్సుంగు ఈ విద్య నేర్చుకొనుటకై మగధకు దూతలను బంపెను. మన శర్కర పారసీకమున షకరై, అరబ్బుల నోట సుక్కరై, ఇటలీలో జుక్కెరో యై, ఫ్రెంచిలో సుక్ర్ అయినది. మన ఖండము వారి భాషలో కాందీ యైనది. కలకండ తినునప్పుడు ఆ ఖండమునే మనము నములుచున్నాము. శబ్దము పోయినదారినే వస్తువును బోయినది. అరబ్బులు దానిని ఈజిప్టు, సిసిలీ, స్పెయిను దేశములలో నాటించిరి. ఫ్రెంచిదేశమున చాలకాలము చక్కెర మందులంగడిలో తూచి యమ్మబడిన యౌషధము. జోస్యములకు పేరువడిన నోస్ట్రడామస్ వైద్యుడు 1555 లో పండ్లను చక్కెరలో నిలువజేయు విధములపై నొక గ్రంథము ప్రకటించెను. కాలజ్ఞానము చెప్పువాడు పచ్చడిజాడీల లెక్క వ్రాయుట మన సీమలో వింతగా నుండును.

పిదప గ్రంథములు వరుసగా వచ్చినవి. 1691 లో మసియలో అను వంటవాడు ప్రకటించిన పుస్తకమున, పైన చక్కెర కాల్చిన పాలపాకము, అనగా క్రెమ్ బ్రూలే, కనబడును. 1746 లో మెనోన్ అనువాడు రాజగృహములకు గాక సామాన్య గృహస్థుల యింటి వంటగత్తెల కొరకు పుస్తకము వ్రాసెను. నా లెక్కలో ఇది గొప్ప మార్పు. కల్యాణి చాళుక్యప్రభువు మూడవ సోమేశ్వరుడు ఆరువందల యేండ్లకు ముందే మానసోల్లాసమున భక్ష్యములను వర్ణించినాడు గాని, అది రాజభోగముగా వర్ణించినాడు. కారెమ్ (1784–1833) అను పేదబాలుడు, తల్లిదండ్రులు విడిచివేయగా పారిసు వీథులలో బడి, మిఠాయి యంగడిలో పని నేర్చి, చక్కెరతోను పిండితోను మేడలు, గుడులు కట్టి రాజులకు వడ్డించెను.

అంత చక్కెర యెక్కడిది? ఇచ్చటనే కథ చేదెక్కును. అట్లాంటికు సముద్రమునకావల సాందొమింగ్ అను సీమ ఫ్రెంచివారి వశమున నుండెను. 1780 ప్రాంతమున ప్రపంచమున నంత చక్కెర పండించిన సీమ వేరొకటి లేదు. పండించినవారు ఆఫ్రికానుండి పట్టితెచ్చిన బానిసలు. చెరకుకొట్టములలో వారి చేతులు గానుగలలో నలిగినవి. 1791 లో వారు తిరుగబడిరి; 1804 లో హైతి యను స్వతంత్రరాజ్యము నిలిపిరి. ఆ చక్కెర తప్పిపోయినది. పైగా ఇంగ్లీషువారితో యుద్ధము. నెపోలియను 1806 నుండి ఇంగ్లీషు వర్తకమును ఐరోపా రేవులలో రాకుండ నిషేధించుటతో సముద్రము మీది చక్కెర మరింత కరవైనది. అప్పుడు బీటుదుంప వంకకు జూచిరి. ఆ దుంపలో చక్కెర గలదని జర్మను పండితుడు మార్గ్రాఫ్ 1747 లోనే కనుగొనియుండెను. 1812 లో దెలెస్సేర్ అనువాడు దుంపనుండి మంచి చక్కెర దీసి చూపగా నెపోలియను స్వయముగా గౌరవించెను. దుంపచక్కెర వచ్చినను చెరకుతోటలు మానలేదు.

ఇప్పుడు మన తీరమునకు వచ్చెదము. మన పెద్దలు పరాసులని పిలిచిన ఫ్రెంచివారు 1669 లో మచిలీపట్టణమునను, 1723 లో యానామునను కొట్లు పెట్టిరి. నడుమ నడుమ ఇంగ్లీషువారి చేతబడుచు, మరల వీరి చేతికి వచ్చుచు, యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. హిందూమహాసముద్రమున బూర్బోన్ అను దీవియు వారిదే, నేడది రెయూనియన్. అచ్చటి తోటదొరలకు కూలీలు గావలసివచ్చినప్పుడు, వారు చూచినది మన గోదావరీ తీరమునే. 1828 లో యానామునుండి 15 మంది తెలుగువారు ఒప్పందము వ్రాసి ఆ దీవికి బోయిరి. భారతదేశమునుండి ఆ దీవికి ఒప్పందపు కూలీలుగా బోయిన మొదటివారు వీరే. ఫ్రెంచి దస్తావేజులలో వీరిని తెలింగాలని వ్రాసిరి. తరువాతి రెండేండ్లలో వీరి సంఖ్య వేలకు పెరిగెను. ఒప్పందపు మాటలు చెల్లలేదు, కూలి సరిగా ముట్టలేదు, తగవులు రేగినవి. కొన్నియేండ్లకే పలువురిని మరలించి పంపివేసిరి.

ఆ దీవియందే వెనిల్లా కథయు జరిగినది. వెనిల్లా మెక్సికో దేశపు తీగ. దాని పువ్వు ఒక్క పూట విచ్చును. స్వదేశమున తేనెటీగ దానిని ఫలింపజేయునందురు. బూర్బోన్ దీవిలో తీగ పెరిగినను కాయ కాయదు. పండితులు తలలు పట్టుకొనియుండగా, 1841 లో ఎడ్మోన్ అను పండ్రెండేండ్ల బానిసబాలుడు చిన్న వెదురుపుల్లతో పువ్వులోని పొరనెత్తి, బొటనవ్రేలితో పుప్పొడి నొత్తి, కాయ కాయించెను. నేటికిని ప్రపంచమున వెనిల్లా తోటలలో ఈ పద్ధతియే సాగుచున్నది. 1848 లో స్వేచ్ఛ వచ్చినప్పుడు వానికి అల్బియస్ అను నింటిపేరిచ్చిరి. వెనిల్లా వలన తోటలవారు ధనికులైరి. అల్బియస్ 1880 లో దరిద్రుడై మరణించెను.

1848 లో ఫ్రెంచి దీవులలో బానిసత్వము రద్దయినప్పుడు రెయూనియన్ నందు సుమారు 60 వేలమంది విముక్తులైరి. వారు మరల చెరకుతోటలకు పోనొల్లమి సహజమే. దొరలు తిరిగి మన తీరము వంక జూచిరి. 1860 లో ఇంగ్లీషు ఫ్రెంచి ప్రభుత్వముల నడుమ ఒడంబడిక కుదిరి, ఇంగ్లీషువారి యేలుబడిలోని జిల్లాలనుండియు కూలీలను గొనిపోవుట మొదలిడిరి. అచ్చట కూలీలను హింసించుచున్నారని తెలిసి ఇంగ్లీషు ప్రభుత్వము 1882 లో ఆ యెగుమతి నిలిపివేసెను. ఆ శతాబ్దమున అచ్చటికి బోయిన భారతీయులు లక్షకు పైమాట. వారిలో తమిళులు హెచ్చు, తెలుగువారును గలరు.

పొరుగుననే మారిషసు దీవి. అదియు 1810 వరకు ఫ్రెంచివారిదే, పిదప ఇంగ్లీషువారిది. 1834 నుండి అచ్చట దిగిన కూలీలు సుమారు నాలుగున్నర లక్షలు. వారు మెట్లెక్కిన రేవును ఆప్రవాసీ ఘాటని పేరుపెట్టి నేడు కాపాడుచున్నారు; ప్రపంచ వారసత్వస్థలముగా 2006 లో దానికి గౌరవము దక్కినది. యానాము దాపుననున్న కోరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగువారిని అచ్చట కోరంగీలని పిలిచిరి. 1839 నాటి తుపాను ఆ రేవును ముంచి పాడుచేసినను, ఆ పేరు మాత్రము సముద్రముమీద మిగిలినది.

రెయూనియన్ దీవిలో తమిళుడైనను తెలుగువాడైనను అందరును మల్బారులనియే పిలువబడిరి. తెలింగా యను మాట పాత కాగితములలో నుండిపోయినది. మారిషసులో మాత్రము తెలుగువారు తెలుగువారుగనే యున్నారు. ఉగాది చేసికొందురు, రామభజనము చేయుదురు, సింహాద్రి యప్పన్నను గొల్తురు.