పన్నెండేళ్లు దొరకని సముద్రవాసి

అట్లాంటిక్‌లో బెర్ముడా చుట్టూ పరుచుకున్న సార్గాసో సముద్రం. పోషకాలు అంతంతమాత్రమే కనుక దానికి ఎడారి అని పేరు. కానీ ఆ నీటిచుక్కకు రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెడితే చుక్కలు చుక్కలుగా మెరిసే కణాలు కోకొల్లలు! అదే నీటిని పోషకాలు దట్టించిన పళ్లెంలో వేస్తే మొలిచేవి నూటికి ఒకటి కూడా ఉండవు. మరి మిగతావేమిటి?

అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో స్టీఫెన్ జియోవనోని బృందం పెంపకం జోలికే పోలేదు. సముద్రపు నీటిని వడగట్టి, చిక్కిన సూక్ష్మజీవుల డీఎన్ఏను నేరుగా రాబట్టింది.

ఆ డీఎన్ఏ ఎవరిదో ఎలా తెలుస్తుంది? జీవులన్నిటిలోనూ ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములుంటాయి. వాటి ఆర్ఎన్ఏ జన్యువు చాలా నింపాదిగా మారుతుంది. ఆ అక్షరాల వరుసలు పోల్చి ఎవరికెవరు చుట్టమో తేల్చొచ్చని కార్ల్ వోస్ 1977లోనే చూపించారు. జియోవనోని బృందం పీసీఆర్‌తో ఆ జన్యువుకు కోట్ల నకళ్లు తీయించి చదివింది.

ఒక గుంపు వరుసలు అప్పటిదాకా పెంచిన ఏ బ్యాక్టీరియాతోనూ కలవలేదు. దానికి ‘సార్11’ అని పేరుపెట్టి, 1990లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఇంటిపేరు తెలిసింది, మనిషి మాత్రం దొరకలేదు!

ఆ తర్వాత ఏ సముద్రంలో వెతికినా అవే వరుసలు. పళ్లెంలో మాత్రం సార్11 మొలవదు. ఎందుకని?

తిండి ఎక్కువై! అరకొర పోషకాలకు అలవాటుపడిన ప్రాణి అది. అందుకే మైఖేల్ రాపే, జియోవనోని తదితరులు పద్ధతి మార్చారు. ఒరెగాన్ తీరపు నీటినే శుద్ధిచేసి, పలకలోని చిన్నచిన్న గుంటల్లో పోసి, ఒక్కో గుంటలో కొద్ది కణాలే వదిలారు. కొన్నాళ్లాగి, సార్11 ఆర్ఎన్ఏకు మాత్రమే అతుక్కుని వెలిగే రంగు కలిపి చూశారు. వెలిగింది! 2002లో ఆ విజయం లోకానికి తెలిసింది. సముద్రపు పైపొర నీటిలోని కణాల్లో దాదాపు మూడోవంతు సార్11వేనని అదే ఏడాది మరో అధ్యయనం తేల్చింది. 2005లో జన్యుపటమూ వచ్చింది. మొత్తం సుమారు 13 లక్షల అక్షరాలే.

చెరువు నీరైనా, చేలో మట్టైనా, మన పళ్లెంలో మొలవనంత మాత్రాన అందులో ఏమీ లేదని తేల్చేయకండి. భూమ్మీద అత్యధిక సంఖ్యలో ఉన్న జీవుల్లో ఒకటి 1990 దాకా మన లెక్కలోనే లేదు.