ఐఎన్ఎస్ ఢిల్లీ: రెండు జెండాల కింద ఒక క్రూయిజర్

స్వతంత్ర భారత నౌకాదళపు తొలి క్రూయిజర్ ‘ఢిల్లీ’ మన దేశానికి రాకముందే యుద్ధంలో రాటుదేలింది. ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో నిర్మితమై 1932 సెప్టెంబరు 1న జలప్రవేశం చేసిన ఈ లియాండర్ తరగతి తేలికపాటి క్రూయిజర్ తొలిపేరు ‘అకిలీస్’. సిబ్బందిలో సగానికి పైగా న్యూజిలాండ్ వారే.

1939 డిసెంబరు 13న దక్షిణ అట్లాంటిక్‌లోని ప్లేట్ నదీముఖం సమీపాన ‘ఎజాక్స్’, ‘ఎక్సెటర్’ నౌకలతో కలిసి జర్మనీ యుద్ధనౌక ‘గ్రాఫ్ స్పీ’ని అది ఎదుర్కొంది. శత్రువు ఫిరంగులు 11 అంగుళాలవి; అకిలీస్‌వి 6 అంగుళాలవి మాత్రమే. నలుగురు సిబ్బందిని కోల్పోయినా పోరు విడువలేదు. నాలుగు రోజులకు మాంటెవిడియో వెలుపల గ్రాఫ్ స్పీని జర్మన్లే ముంచివేశారు. 1943 జనవరిలో గ్వాడల్‌కెనాల్ సమీపాన జపాన్ బాంబు దాడిలో అకిలీస్ ఫిరంగి గోపురం ఒకటి ధ్వంసమైంది.

1948 జులై 5న భారత్ ఈ నౌకను స్వీకరించి ‘ఢిల్లీ’గా నామకరణం చేసింది. రివర్ ప్లేట్ పోరుపై 1956లో వచ్చిన చిత్రంలో అది అకిలీస్‌గానే, అంటే తన పాత్రలో తానే కనిపించడం విశేషం. 1961 డిసెంబరులో డయ్యూ వద్ద పోర్చుగీసు స్థానాలపై కాల్పులు జరిపింది. 1978 జూన్ 30న సేవల నుంచి విరమించింది. దాని ఫిరంగి గోపురాన్ని భారత్ న్యూజిలాండ్‌కు కానుకగా ఇచ్చింది. అది ఆక్లాండ్‌లోని డెవన్‌పోర్ట్ నౌకా స్థావరంలో ఉంది.