మధుమేహము: ఎవరికి ఏ మందు?

మధుమేహము మనకు క్రొత్తది కాదు. సుశ్రుతుడు తన సంహితలో ప్రమేహరోగులను రెండు తెగలుగా విభజించెను. పుట్టుకతో రోగము సంక్రమించినవాడు కృశించి యుండుననియు, అపథ్యమువలన రోగియైనవాడు స్థూలకాయుడై యుండుననియు చెప్పెను. రోగము పేరు ఒక్కటియైనను రోగులందరు ఒక్కతీరు వారు కారను ఈ వివేకము ఆధునిక వైద్యమున నెలకొనుటకు చాలకాలము పట్టినది.

1922 జనవరిలో కెనడాలోని టొరాంటో నగరమున, లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు ఇన్సులిన్ ఇచ్చిరి. మృత్యుముఖమున నున్న ఆ బాలుడు కోలుకొనెను. అయినను ఆ మందు అందరియందు ఒక్కరీతిగా పనిచేయదని 1936లో ఇంగ్లండునందలి వైద్యుడు హిమ్స్‌వర్త్ ప్రయోగపూర్వకముగా చూపెను. కొందరి శరీరము ఇన్సులిన్‌కు వెంటనే లోబడును, కొందరిది లోబడదు. నడివయస్సున మధుమేహము వచ్చినవారిలో పెక్కుమంది ఈ రెండవ తెగవారే.

వీరికి అక్కరకు వచ్చిన మాత్ర వేరొక రోగమునకు చికిత్స చేయుచుండగా దొరికినది. 1942లో ఫ్రాన్సుదేశమందలి మోంపెల్యే నగరమున జాన్‌బోన్ అను వైద్యుడు టైఫాయిడు రోగులకు ఒక సల్ఫా మందు నీయగా, వారి రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోయెను, కొందరు మరణించిరి. ఆ మందు క్లోమమును ప్రేరేపించి ఇన్సులిన్‌ను స్రవింపజేయునని అదే నగరమందలి లూబాత్యేర్ తేల్చెను. కావున క్లోమము పూర్తిగా చెడినవానికి అట్టి మాత్ర నిష్ప్రయోజనము. కొంత శక్తి మిగిలినవానికి ఉపకారి. మోతాదు మించినచో ఎవరికైనను అపాయమే.

1957లో ఫ్రెంచి వైద్యుడు స్టెర్న్ మెట్‌ఫార్మిన్ గుణమును లోకమునకు తెలిపెను. దాని జాతికే చెందిన ఫెన్‌ఫార్మిన్ రక్తములో లాక్టిక్ ఆమ్లమును పెంచి ప్రాణములు తీయుటచే 1970ల చివర అమెరికాలో వాడుక నుండి తొలగింపబడెను. ఆ అపకీర్తి మెట్‌ఫార్మిన్‌కును అంటినది. 1994 వరకు అమెరికా దానిని అనుమతింపలేదు. కాని 1977లో ఆరంభమై 5,102 మంది క్రొత్త రోగులను పరిశీలించిన బ్రిటిషు పరిశోధన 1998లో ఫలితములను ప్రకటించినపుడు, స్థూలకాయులైన రోగులలో మెట్‌ఫార్మిన్ గుండెపోటును, మరణములను తగ్గించునని తేలెను.

అట్లయిన చక్కెరను ఎంత దించిన అంత మేలా? అమెరికా, కెనడాలలో గుండెజబ్బు భయము గల 10,251 మంది మధుమేహ రోగులపై ఈ ప్రశ్ననే పరీక్షించిరి. పెక్కు మందులతో చక్కెరను మిక్కిలి దించిన వర్గములో 257 మంది, సాధారణ చికిత్స పొందిన వర్గములో 203 మంది మరణించిరి. 2008లో ఆ తీవ్రచికిత్సను మధ్యలోనే ఆపివేసిరి.

ఈ చరిత్ర మన ఇంటికి తెచ్చు హితవు ఒక్కటే. వయస్సు, దేహభారము, మూత్రపిండముల శక్తి, గుండె స్థితి, ఇవన్నియు చూచి వైద్యుడు మందు నిర్ణయించును. పొరుగింటివానికి పనిచేసిన మాత్ర మనకు పనిచేయకపోవచ్చును, కీడే చేయవచ్చును. చక్కెర తగ్గినదని మందు మానుటయు, తగ్గలేదని తనంతట తాను మరియొక మాత్ర మ్రింగుటయు రెండును ప్రమాదములే. పథ్యము, నడక, తగిన మందు, తగిన మోతాదు: ఈ నాలుగును కలిసినపుడే చికిత్స పూర్ణమగును.