ప్రసూతిశాలలు - రామచంద్రపుర ప్రాంతమున స్త్రీశిశువైద్యము

ఆంధ్రదేశమునఁ బ్రజల కొఱకేర్పడిన వైద్యశాలల చరిత్రము పాశ్చాత్యుల రాకతో నారంభమైనదని పలువురు తలంతురు. ఇది సరికాదు. గుంటూరు సీమయందలి మల్కాపుర శాసనము క్రీ. శ. 1261 (శా. శ. 1183) నాఁటిది. కాకతీయ గణపతిదేవుఁడు మందడమును, రుద్రమదేవి వెలగపూడిని విశ్వేశ్వరశంభువను శైవాచార్యునకు దానమిచ్చిరి. ఆయన యా గ్రామముల యాదాయమును విభజించుచు, దేవునకును, మఠమునకును, విద్యార్థులకును బోలెనే ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును గూడఁ బాలు నిర్ణయించెను.

ఇందు రెండు విశేషములు గమనింపఁదగినవి. ఆరోగ్యశాల యుండఁగాఁ బ్రసూతిశాల వేఱుగాఁ బేర్కొనఁబడినది. అనఁగాఁ బ్రసవము రోగము కాదనియు, దానికిఁ బ్రత్యేకమగు శ్రద్ధ కావలయుననియు నానాఁటివా రెఱుఁగుదురు. రెండవది, దాని పోషణము దాత దయపై విడువఁబడక గ్రామాదాయమునఁ గట్టుబాటుగా నిలుపఁబడినది. ఈ రెండింటినే కొలఁతగాఁ గొని గోదావరీ తీరమునందలి రామచంద్రపుర ప్రాంతమును బరిశీలింతము.

ఈ సీమయం దున్న ద్రాక్షారామ భీమేశ్వరాలయమున శాసనములు వందలకొలఁదిగాఁ గలవు. వానిలోఁ బెక్కు అఖండదీపములకై యిచ్చిన దానములను దెలుపుచున్నవి. పురిటింటి దీపమును గాపాడినది మాత్రము మంత్రసాని. ఈ పదమునందలి 'సాని' గౌరవవాచకము. చదువు లేకున్నను అనుభవముచేత నామె వేలకొలఁది తల్లులను గట్టెక్కించెను. కాని బొడ్డు కోయు సాధనమును గాచి శుభ్రము చేయవలయునన్న యెఱుక నాఁడు లేదు. అందువలనఁ బుట్టిన వారము పదిదినములలోనే శిశువులు ధనుర్వాతమునకు బలియగుచుండిరి. ఆ తప్పు మంత్రసానిది కాదు. ఆమెకు నేర్పవలసిన విద్యను నేర్పని సంఘముది.

పురుషవైద్యుని యెదుటికి వచ్చుటకు స్త్రీలు జంకుటచే, ఆసుపత్రులు వెలసినను వానివలన స్త్రీలకుఁ గలిగిన మేలు స్వల్పము. 1875లో మదరాసు వైద్యకళాశాల స్త్రీలను జేర్చుకొనెను. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు ఆ శతాబ్దము ముగియకముందే స్త్రీశిశువులకు ఆసుపత్రిని నెలకొల్పెను. రామచంద్రపురమునఁ గెనడా బాప్టిస్టు మిషనువారు కుష్ఠరోగులకు ఆశ్రమమును స్థాపించిరి. అందు ఇసబెల్ హ్యాచ్ చేసిన సేవ ప్రసిద్ధము. ఆ మిషనుకే చెందిన డాక్టరు జెస్సీ ఆలిన్ పిఠాపురమున స్త్రీల కొఱకు వైద్యశాలను నడపెను. సూర్యరాయాంధ్ర నిఘంటువును బోషించిన పిఠాపుర ప్రభువు శ్రీ సూర్యారావు బహద్దరువా రామె కార్యమునకుఁ దోడ్పడిరి.

ఇవి యన్నియుఁ గొనియాడఁదగినవే. అయినను ఇవి దాతల యౌదార్యమునఁ బుట్టినవి, పట్టణములకుఁ జెందినవి. 1884 నాఁటి స్థానికసంఘముల చట్టము, 1924లో గ్రామములందు స్థిరపడు వైద్యులకు సహాయవేతనమిచ్చిన పద్ధతి, పల్లెల దెస వేసిన తొలి యడుగులు. కాని దూరము తగ్గలేదు. రామచంద్రపురమునుండి కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు. 1852లో ఆనకట్ట పూర్తియైనపిదపఁ గాలువలపైఁ బడవలు నడచుచుండెను. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినపు డదియు లేదు. వానకాలమున బండిదారి బురద. నొప్పులు ఋతువు నెంచి రావు గదా!

1946లో భోర్ సంఘము తన నివేదికను వెలువరించెను. 1937లో హిందూదేశమున వేయి జననములకు 162 శిశుమరణములనియు, ఏఁటేఁట దాదాపు రెండులక్షల తల్లులు ప్రసవసంబంధముగా మరణించుచున్నారనియు అందుఁ గలదు. ప్రతి 40,000 జనమున కొక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమును, అందు ఇద్దఱు వైద్యులు, నలుగురు మంత్రసానులును, శిక్షణ పొందిన నలుగురు గ్రామదాయీలును ఉండవలయునని యా సంఘము కోరెను. 1952 అక్టోబరు 2వ తేదిని సమాజవికాస ప్రణాళిక యారంభమైనపిదప నీ కేంద్రములు వెలయఁ జొచ్చినవి. ఇప్పుడు మైదానసీమలలో 30,000 జనమునకుఁ గేంద్రమును, 5,000 జనమున కుపకేంద్రమును ప్రమాణములు. గర్భిణులకు టీకాలు వేయుటచేతను, శుభ్రమైన ప్రసవముచేతను 2015 నాఁటికి పురిటి ధనుర్వాతము దేశమున నిర్మూలిత మైనట్లు ప్రకటింపఁబడెను.

దూరమును జయించినవి వంతెనయు వాహనమును. 2002లో యానాము-ఎదుర్లంక వంతెన గౌతమిపైఁ దెఱవఁబడెను. 2005 ఆగస్టు 15న 108 వాహనములు బయలుదేఱెను. ఆ యేఁటనే గ్రామీణ ఆరోగ్య మిషను క్రింద ఆశా కార్యకర్త లేర్పడిరి. గడపగడపకుఁ బోయి గర్భిణిని బలుకరించు నీ కార్యకర్తయే నేఁటి 'సాని' యని చెప్పవచ్చును.

రామచంద్రపురము 2022లో నేర్పడిన కోనసీమ జిల్లాలోఁ జేర్పఁబడెను. ఆ యేఁటి జూలైలోనే గోదావరి పొంగి లంకలను ముంచెను. అట్టివేళ లంకలోని గర్భిణి పడవ కొఱకు నెదురుచూడవలసినదే. కనుక నెన్నడో యొకదాత కరుణించుటకాక, ప్రతిగ్రామమునకు దగ్గఱగా మందును, మనిషియు, వానికి దప్పని ద్రవ్యమును గావలయును. మల్కాపురపు ఱాతిపై నేడువందల యేండ్లకుఁ బూర్వము చెక్కఁబడిన నియమ మిదియే. శాసనమును జదువుటయే కాదు, పాటించుటయు మన విధి.