డ్రై ఐస్: ఆహార రవాణాలో సొంత తయారీ

గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడే డ్రై ఐస్. మన పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అన్నది ఈ వాయువునే. మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది నీరుకారకుండా నేరుగా ఆవిరైపోతుంది. అలా ఆవిరయ్యేటప్పుడు కిలోకు సుమారు 570 కిలోజౌళ్ల వేడిని లాక్కుంటుంది. మామూలు ఐసు కిలో కరిగితే లాగేది 334 మాత్రమే. పైగా పెట్టె తడవదు, అట్ట నానదు. చేపలు, మాంసం, ఐస్‌క్రీమ్ పంపేవాళ్లకు ఇది గొప్ప వరం. చిక్కల్లా ఒక్కటే, నిల్వ ఉండదు. ఎంత మంచి థర్మోకోల్ పెట్టెలో దాచినా తరుగుతూనే ఉంటుంది. సొంత తయారీ ఆలోచన పుట్టింది ఆ తరుగు వల్లే.

ఫ్రాన్సుకు చెందిన ఆడ్రియన్ తిలోరియే 1835లో దీన్ని మొదట వర్ణించాడు. ద్రవ కార్బన్ డయాక్సైడ్ ఉన్న పాత్ర తెరిస్తే చాలావరకు ఆవిరై, మిగిలింది తెల్లటి మంచులా పేరుకుంది. ఆ పోత ఇనుప పరికరాలు ప్రాణాంతకమైనవి. 1840లో పారిస్ ఫార్మసీ కళాశాలలో అలాంటిదొకటి పేలి ఓస్మిన్ ఎర్వీ అనే సహాయకుడు చనిపోయాడు. ఈ చరిత్ర రాసేవారు ఆ పేరు వదిలేయకూడదు.

తర్వాత తొంభై ఏళ్లకు గానీ ఇది వ్యాపారం కాలేదు. అమెరికాలో థామస్ స్లేట్ 1924లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1925లో ‘డ్రై ఐస్’ ట్రేడ్‌మార్క్ అయింది. డ్రై ఐస్ పెట్టి సరుకు పంపే పెట్టె మీద పేటెంటు చూపించి, అందులో తమ డ్రై ఐసే వాడాలని ఒక కంపెనీ పట్టుబట్టింది. 1931లో కార్బైస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు. పెట్టె మీది హక్కు అందులో వేసే సరుకు మీద గుత్తాధిపత్యం కాదన్నది తీర్పు సారం. 1930ల చివర్లో ఫ్రెడరిక్ జోన్స్ రూపొందించిన లారీ శీతలీకరణ యంత్రాలు వచ్చాక డ్రై ఐస్ ముఖ్యంగా పార్సిళ్లకు, విమానాల భోజనం ట్రాలీలకు మిగిలింది.

సొంత తయారీకి కావలసింది ద్రవ కార్బన్ డయాక్సైడ్ ట్యాంకు, ఒక ప్రెస్. సుమారు 20 బార్ల పీడనంలో, మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉన్న ద్రవాన్ని ఒక్కసారిగా మామూలు పీడనంలోకి వదిలితే సగానికి తక్కువే మంచవుతుంది, మిగతాది వాయువైపోతుంది. ఆ మంచును హైడ్రాలిక్ ప్రెస్ అచ్చు రంధ్రాల గుండా నొక్కితే గుళికలొస్తాయి. చల్లదనానికి సాధారణంగా 16 మిల్లీమీటర్లవి వాడతారు. కిలో గుళికలకు రెండు కిలోల పైనే ద్రవం ఖర్చవుతుంది. పోయే వాయువును పట్టి మళ్లీ ద్రవం చేసే యూనిట్ ఖరీదైనది. కాబట్టి బయట కొంటే దారిలో తరుగు, ఇంట్లో చేస్తే తయారీలో తరుగు. రోజూ నిలకడగా వాడకం ఉన్నచోటే సొంత యంత్రం గిట్టుబాటు అవుతుంది.

యంత్రం సొంతమైనా ద్రవం మాత్రం బయటి నుంచి రావాల్సిందే. అది ఎక్కువగా అమ్మోనియా, ఇథనాల్ ఫ్యాక్టరీల ఉపఉత్పత్తి. 2018 వేసవిలో ఐరోపాలో ఎరువుల ఫ్యాక్టరీలు మరమ్మతులకు ఆగినప్పుడు ద్రవానికి కటకట ఏర్పడింది. 2021 సెప్టెంబరులో సహజవాయువు ధర పెరిగి బ్రిటన్‌లో రెండు ఎరువుల ఫ్యాక్టరీలు మూతపడితే మాంసం పరిశ్రమ దాకా కలవరపడింది.

తయారీ ఇంటికొస్తే ప్రమాదమూ ఇంటికే వస్తుంది. కిలో డ్రై ఐస్ 500 లీటర్లకు పైగా వాయువవుతుంది. బిగించిన డబ్బా పేలుతుంది, గాలాడని గదిలో, వ్యానులో మనిషికి ఊపిరాడదు. వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది. ఆ వాయువు గాలికన్నా బరువు కాబట్టి నేలబారునే పేరుకుంటుంది. అందుకే దాన్ని పసిగట్టే మీటర్లను నేలకు దగ్గరగా, మోకాలి ఎత్తులోపే బిగిస్తారు.