పుట్టింటికి వనవాసి రాణి కట్టించిన విహారం

పెళ్లయి దూరదేశం వెళ్లిన ఆడపడుచు పుట్టినగడ్డకు ఏం చేసిందో చెప్పే శాసన స్తంభం ఒకటి నాగార్జునకొండ లోయలో బయటపడింది. ఆమె కొడబలిసిరి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కూతురు, వనవాసి మహారాజు భార్య. వనవాసి అంటే కర్ణాటకలోని నేటి బనవాసి. తోబుట్టువు ఎహువల శాంతమూలుడి ఏలుబడి 11వ ఏట, క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఆ లోయలోని ఇక్ష్వాకు రాజధాని విజయపురిలో మహీశాసక శాఖ బౌద్ధ భిక్షువుల కోసం ఆమె స్తంభం నిలిపి విహారం కట్టించింది.

ఆ కాలపు విజయపురికి రాకపోకలు ఎక్కువే. ఉజ్జయిని రాజకుమార్తె రుద్రధర భట్టారిక మహాచైత్యానికి స్తంభంతో పాటు 170 దీనార మాషకాలు ఇచ్చింది. సింహళ భిక్షువులకూ ఇక్కడ విహారం ఉండేది. అయినా నన్ను ఆపేది కొడబలిసిరి శాసనంలోని చివరి మాటే. రాణి పేరు, పుట్టింటి వంశం, మెట్టినింటి పేరు అన్నీ అయ్యాక, ఆ పనిని దగ్గరుండి నెరవేర్చిన ఆచార్యుడు ధమ్మఘోషుడి పేరు కూడా అందులో చెక్కారు. ఎక్కడో ఉన్న దాతకు ఊళ్లో ఒక మనిషి కావాలని, ఆ మనిషికీ రాతి మీద చోటివ్వాలని వాళ్లకు తెలుసు.

1955 డిసెంబరు 10న ఈ లోయను ముంచబోయే నాగార్జునసాగర్ డ్యాంకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోగా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు సాగాయి. కొన్ని కట్టడాలను అనుపులో, నాగార్జునకొండపైన మళ్లీ నిలబెట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మాగాణులయ్యాయి, రైస్‌మిల్లులు వెలిశాయి. ఆ వడ్ల డబ్బుతో ఇంజనీరింగ్ చదివిన పిల్లలు అమెరికా బాట పట్టారు. కొడబలిసిరి తిరిగిన నేలను ముంచిన నీళ్లే వీళ్లను సముద్రాలు దాటించాయి.

వాళ్లూ పుట్టినూరిని మరవలేదు. బడికి గదులు, తాగునీటి ప్లాంటు, గుడికి గోపురం, పేదపిల్లల ఫీజులు ఇలా తోచినట్టు పంపుతూనే ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన నల్లగొండ పల్లెల్లో మంచినీళ్ల ప్లాంటు విలువ వేరే చెప్పాలా! కానీ ఫిల్టర్ మార్చేవాళ్లు, కరెంటు బిల్లు కట్టేవాళ్లు లేకపోతే ఏడాది తిరక్కుండానే దానికి తాళం పడుతుంది. శిలాఫలకం మీద దాత పేరు, రిబ్బన్ కత్తిరించిన నాయకుడి పేరు ఉంటాయి. రోజూ తెల్లవారకముందే వచ్చి మోటారు వేసే మనిషి పేరూ అక్కడ చెక్కించాలని, డబ్బు పంపేముందే అతని జీతానికి ఏర్పాటు చేయాలని డాలస్‌లోని కోదాడ బిడ్డలను కోరుతున్నాను.