మహామృగము – మానవహస్తము

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పేటలవారికి సినిమా పొరుగింటి చుట్టము వంటిది. ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ వద్ద సంధ్య, దేవి, సుదర్శన్, నారాయణగూడలో దీపక్, శాంతి – ఈ పేర్లు చెప్పిననే చాలును, ఇక్కడ దారి తెలియనివారుండరు. ఇట్టి హాళ్ళలో మానవప్రమాణమును మించిన మూర్తి తెరపై నిలిచినప్పుడు పిల్లలును పెద్దలును ఒక్కమారే ఊపిరి బిగబట్టుట మనమెరుగుదుము. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు మన తెలుగువారికట్టి మూర్తి.

జపానువారికిని అట్టి మహాకాయుడొకడు కలడు. వాని పేరు గోజిరా. ఇంగ్లీషువారి నోట అది గాడ్జిల్లా అయినది. పుట్టి ఏడు దశాబ్దములు దాటినను వానిపై లోకమునకు మోజు తీరలేదు. భయపెట్టుటకు పుట్టిన మృగముపై ఇంత ప్రీతి ఏల కలిగినది? ఇందుకు సమాధానము చరిత్రలో కలదు.

1954 మార్చి 1వ తేదీన అమెరికా ప్రభుత్వము పసిఫిక్ మహాసముద్రములోని బికినీ దీవుల వద్ద హైడ్రోజన్ బాంబును పరీక్షించినది. ప్రకటించిన ప్రమాదమండలమునకు వెలుపలనే ఉన్న ఒక జపాను చేపల పడవపై విషపు బూడిద మంచువలె రాలినది. అందలి 23 మందియు వ్యాధిగ్రస్తులైరి. పడవలో రేడియో నడుపు కుబోయామా ఐకిచి ఆ సెప్టెంబరు 23న మరణించెను. హిరోషిమా, నాగసాకి దగ్ధమై అప్పటికి తొమ్మిదేండ్లే గడచినవి. ఆ నవంబరు 3వ తేదీన 'గోజిరా' విడుదలైనది. దర్శకుడు హోండా ఇషిరో యుద్ధమునుండి ఇల్లు చేరుచు హిరోషిమా శిథిలములను స్వయముగ చూచినవాడు. ఆయన చిత్రములో మృగమును సముద్రగర్భమునుండి లేపినది బాంబు పరీక్షయే.

ఇక పనితనము మాట. త్సుబురాయా ఎయిజి బృందము టోకియో వీథులను ఇరువదియైదవ వంతు పరిమాణములో నిర్మించినది. బరువైన తొడుగు ధరించిన నటుడు వానిని త్రొక్కుచు నడచినాడు. కెమెరాను వేగముగ నడిపి చిత్రించుటచే తెరపై ఆ నడక మందగించి, కొండ కదలినట్లు తోచును. ఆ గర్జన సంగీతకర్త ఇఫుకుబే అకిరా కల్పన. సడలించిన డబుల్ బేస్ తంత్రులను తోలు చేతొడుగుతో రాచి ఆ ధ్వనిని పుట్టించిరి.

మూడేండ్ల తరువాత, 1957లో, మన 'మాయాబజార్'కును బొమ్మనగరమే కావలసివచ్చినది. మద్రాసులో 50 అడుగులు, 60 అడుగుల స్థలములో మూడువందల చిన్న ఇండ్లతో ద్వారకను నిలిపి దీపములు వెలిగించిరి. మార్కస్ బార్ట్లే దానిని కెమెరాలో బంధించెను. మనవారు వెలిగించుటకు నగరమును కట్టిరి; జపానువారు కూల్చుటకు కట్టిరి. కూలిన నగరములను కన్నవారికి ఆ దుఃఖము వెళ్ళబోసికొనుటకు మరియొక రూపము దొరకలేదని మేము భావించుచున్నాము.

మనకీ కథ బొత్తిగ క్రొత్తది కాదు. వరమిచ్చిన శివుని తలపైనే చేయి మోపబోయిన భస్మాసురుని మనమెరుగుదుము. గోజిరాయు అట్టి వరము యొక్క ఫలమే. చిత్రములో సెరిజావా అను శాస్త్రజ్ఞుని యొద్ద ఆ మృగమును చంపగల సాధనము కలదు. తన విద్య రాజ్యాధిపతుల చేతబడి మరియొక బాంబగునని అతని భయము. కావున మృగముతోపాటు తానును సముద్రములోనే ప్రాణము విడుచును. రాక్షసుని చంపుటకన్న చంపు విద్యను దాచుట కష్టమని ఈ ఘట్టము చెప్పుచున్నది.

1964 నాటికి గోజిరా, మూడు తలల గిడోరాతో పోరాడి భూమిని కాచు వీరుడైనాడు. అనగా మన ఘటోత్కచునివలె ఆత్మీయుడైన రాక్షసుడైనాడు. పిల్లలకది పండుగ. ఆ పండుగను మనము తప్పుపట్టము. అయినను నేడు మన పేటల ఇండ్లలో పిల్లలు ఈ చిత్రములను చూచునప్పుడు, పెద్దలు ప్రక్కన కూర్చుండి ఆ 23 మంది జాలరుల కథను గూడ చెప్పవలెను. బొమ్మనగరము కూలుట చూచి నవ్వు పిల్లవాడు, నిజనగరము కూలరాదని తెలిసికొనుటకు ఆ కథ అవసరము.